కొర్రమీను చుట్టరికాలు తేల్చే చదువు

నారాయణఖేడ్‌లో చేపలు కొనే వాళ్లెవరైనా కొర్రమీనుకు, మట్టగిడసకు తేడా ఇట్టే చెప్పేస్తారు. రెండూ ఒకే ప్రజాతి చేపలు. వాటి పూర్వీకులు ఎక్కడ విడిపోయారో చెప్పాలంటే మాత్రం డీఎన్‌ఏ చదవాలి.

కేరళలో భూగర్భ జలాల్లో బతికే ఓ పొడవాటి చేపకు 2019లో ఎనిగ్మాచన్నా గొల్లుం అని పేరు పెట్టారు. మొదట దాన్ని కొర్రమీను కుటుంబంలోనే చేర్చారు. ఎముకలను, జన్యువులను పోల్చి చూశాక, 2020లో అది వేరే కుటుంబమని తేల్చారు.

ఈ పనికి పెద్ద చేప అక్కర్లేదు. రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి ఆల్కహాల్‌లో వేస్తారు. దాన్నుంచి డీఎన్‌ఏ తీసి, మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో సుమారు 650 అక్షరాల భాగాన్ని పీసీఆర్‌తో పెంచి, సీక్వెన్సింగ్‌కు పంపుతారు. వచ్చిన అక్షరాలను జెన్‌బ్యాంక్ అనే సీక్వెన్సుల భాండాగారంలోని వాటితో పోల్చి, మెగా అనే సాఫ్ట్‌వేర్‌లో వంశవృక్షం గీస్తారు. కంప్యూటర్ చెట్టు గీసిందంటే పని అయిపోయినట్టు కాదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి, బొచ్చె, రోహు కలిసిన సంకర పిల్లలో ఈ ఒక్క జన్యువే చూస్తే తల్లి జాతి పేరే వస్తుంది, తండ్రి ఊసే ఉండదు. కేంద్రకంలోని జన్యువులూ చూడాల్సిందే. పైగా జెన్‌బ్యాంక్‌లో తప్పు పేర్లతో చేరిన సీక్వెన్సులూ ఉంటాయి. చేపను చేత్తో పట్టుకుని గుర్తుపట్టగలవారికే ఆ తప్పు తడుతుంది. మంజీరా, నల్లవాగు చేపలు చూస్తూ పెరిగిన విద్యార్థికి ఇది నిజంగా పెద్ద బలం.

ఈ చదువులోకి రావడానికి ఇంటర్ బైపీసీ తర్వాత దారులు రెండు. ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, ర్యాంకుతో వనపర్తి జిల్లా పెబ్బేరు మత్స్య కళాశాలలో నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్ఎస్‌సీ చేయవచ్చు. లేదా జువాలజీ, జెనెటిక్స్, బయోటెక్నాలజీలతో డిగ్రీ, పీజీ చదవవచ్చు. చేపల జన్యుశాస్త్రంలోనే పీజీ కావాలంటే ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్ఈ) ఉంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి వన్యప్రాణి పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్, జువలాజికల్ సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం రెండూ ఉన్నాయి. లక్నోలోని ఎన్‌బీఎఫ్‌జీఆర్ పనే చేపల జన్యు వనరుల పరిశోధన.

శాశ్వత ఉద్యోగాలు తక్కువ. చాలామంది ప్రాజెక్టు ఉద్యోగాలతోనే మొదలుపెడతారు. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే తొలి రెండేళ్లు నెలకు రూ.37,000, ఇంటి అద్దె భత్యం అదనం. పైథాన్, ఆర్ కోడింగ్ వచ్చినవారికి జన్యు పరీక్షల సంస్థల్లోనూ అవకాశాలుంటాయి.

జెన్‌బ్యాంక్, మెగా రెండూ ఉచితమే. డిగ్రీ రెండో ఏడాదిలోనే కొర్రమీను, మట్టగిడస సీఓఐ సీక్వెన్సులు దించుకుని, దూరపు చుట్టంగా అనాబస్ అనే చేపను చేర్చి ఓ చెట్టు గీయవచ్చు. ఏ సీక్వెన్సును ఎందుకు వదిలేశారో పక్కనే రాసుకుంటే, ప్రాజెక్టు ఇంటర్వ్యూలో చూపించడానికి సొంత పని ఉంటుంది.