బండి లేకుండా పట్నంలో ఉద్యోగం: ఇల్లు చూసే ముందు ఆలోచించవలసినవి

నర్సింగ్ చదువు ముగించి హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన అమ్మాయిలు, వారి తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అంత పెద్ద ఊళ్లో బండి లేకుండా ఎలా? అప్పు చేసైనా స్కూటీ కొనమంటారా?" తొందరపడవద్దనే మేము చెబుతాము. అయితే బండి లేనివారు అద్దె ఒక్కటే చూసి ఇల్లు తీసుకోకూడదు. డ్యూటీ వేళలు చూసి తీసుకోవాలి.

1. నిద్రలేమి, బండి: వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి తగ్గిపోతుందని పరిశోధనలు చూపాయి. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 0.03 శాతమే. ఉదయం 7 గంటలకు లేచి, పగలు పడుకోకుండా రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కిన నర్సు, మర్నాడు 8 గంటలకు దిగేసరికి 25 గంటలుగా మెలకువతో ఉంటుంది. ఆ స్థితిలో సొంత బండి నడపడం కన్నా బస్సులోనో రైలులోనో కూర్చొని రావడమే క్షేమం.

2. ఉన్న సౌకర్యాలు: హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మియాపూర్–ఎల్.బి.నగర్, నాగోల్–రాయదుర్గం, జె.బి.ఎస్.–ఎం.జి.బి.ఎస్. అని మూడు దారులున్నాయి. మొదటి రెండింటి మధ్య అమీర్‌పేటలో మారవచ్చు. అయితే మెట్రో రాత్రంతా నడవదు. 2003లో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లకు టికెట్టు తక్కువే గాని, వాటి వేళలు ముందుగా తెలుసుకోవాలి. తెలంగాణలో నివాసమున్న మహిళలకు 2023 డిసెంబరు నుండి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. ఆ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్రప్రదేశ్ చిరునామాతో ఆధార్ ఉన్నవారు టికెట్టు కొనవలసిందే. మెట్రో రైలుకు ఈ ఉచితం వర్తించదు.

3. ఇంటి ఎంపిక: అడ్వాన్సు ఇవ్వక ముందే, తోడు ఒకరిని తీసుకొని, సాయంత్రం డ్యూటీ దిగే వేళకు ఆసుపత్రి నుండి ఆ ఇంటికి ఒకసారి వెళ్లి చూడండి. బస్సు ఎంతసేపటికి వచ్చింది? స్టాపు నుండి ఇంటి వరకు వీధి దీపాలు వెలుగుతున్నాయా? దుకాణాలు తెరిచి ఉన్నాయా? కుక్కల బెడద ఉందా? పగలు చూసిన వీధి రాత్రి వేరుగా ఉంటుంది. దూరాన అద్దె 2,000 రూపాయలు తక్కువని సంతోషించేవారు ఈ లెక్క వేయాలి: రోజుకు ఆటోలకు 100 రూపాయలైతే, 26 డ్యూటీలకు 2,600 రూపాయలు. పైగా నిద్ర పోవలసిన సమయం దారిలో పోతుంది. మొదటి ఆరు నెలలు ఆసుపత్రి హాస్టలులోనో, నడిచి వెళ్లగల గదిలోనో ఉండి, ఊరు తెలిశాక మారడం మంచిది.

4. నడక: పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్టేషనుకు 15 నిమిషాలు, తిరిగి ఇంటికి 15 నిమిషాలు చురుకుగా నడిస్తే, అయిదు రోజులలో ఆ లెక్క పూర్తవుతుంది. ఎండాకాలం మంచినీళ్ల సీసా, గొడుగు, పాదానికి సరిపోయే చెప్పులు మరువకండి.

5. అత్యవసరం: బండి ఉన్నా లేకపోయినా ఆపదలో 108కి ఫోను చేయాలి. పోలీసు సాయానికి 112. ఇంటి చిరునామా, దగ్గరలో అందరికీ తెలిసిన గుర్తు ఒక కాగితంపై రాసి తలుపు వెనుక అంటించండి. కంగారులో సొంత వీధి పేరు కూడా నోటికి రాదు.

వృద్ధులైన తల్లిదండ్రులనో, పసిపిల్లలనో వెంట తీసుకువెళ్లేవారు, ఇంటికి దగ్గరలో రాత్రి కూడా తెరిచి ఉండే ఆసుపత్రి ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి:
• మన అమ్మాయి డ్యూటీ దిగే వేళకు బస్సు ఉంటుందా?
• చివరి బస్సు తప్పిపోతే ఎవరికి ఫోను చేస్తుంది?
• రాత్రి డ్యూటీ తరువాత ఇల్లు చేరి ఎన్ని గంటలు నిద్రపోగలదు?

ఈ మూడింటికీ జవాబు దొరికితే స్కూటీ అప్పు సంగతి తరువాత చూసుకోవచ్చు. దొరకకపోతే ముందు వేరే ఇల్లు వెతకండి.