పలిబోధలు: ధ్యానానికి ముందు విప్పుకోవలసిన ముడులు

స్వామి దర్శనమైన పిదప మండపంలో కూర్చుండి కన్నులు మూసుకొన్న భక్తునికి మొదట తోచేది తరచుగా స్వామి రూపం కాదు, తిరుగు ప్రయాణపు బస్సు వేళ. ఇది భక్తిలోపం కాదు. చిత్తం ఒకచోట నిలువకపోవడానికి గల కారణాలను మన యోగశాస్త్రకర్తల వలెనే బౌద్ధాచార్యులు కూడా శ్రద్ధతో పరిశీలించారు.

క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోషాచార్యులు సింహళంలోని అనురాధపుర మహావిహారంలో ఉండి, పాళీ భాషలో ‘విశుద్ధిమగ్గం’ రచించారు. సింహళ బౌద్ధులతో ఆంధ్రదేశానికి అంతకు పూర్వమే సంబంధమున్నది. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ వద్ద సింహళ విహారం ఉండినట్లు అక్కడి శాసనం వలన తెలుస్తున్నది.

శీలం, సమాధి, ప్రజ్ఞ అనే మూడింటిని ఈ గ్రంథం వరుసగా బోధిస్తుంది. సమాధికి ఆలంబనాలుగా 40 కర్మస్థానాలను వివరించే ముందు, ఆచార్యులు సాధకుని పది ‘పలిబోధ’లను తొలగించుకొమ్మంటారు. పలిబోధ అనగా మనస్సును పట్టి ఉంచే చిక్కు. నివాసం, పోషించే కుటుంబాలు, లాభం, శిష్యగణం, నిర్మాణకార్యం, ప్రయాణం, బంధువులు, వ్యాధి, గ్రంథాలు, సిద్ధులు అనేవి ఆ పది. కడపటిదైన సిద్ధులు విపశ్యనకు అడ్డు, తక్కిన తొమ్మిదీ సమాధికి అడ్డు.

ఈ జాబితాలో పాపకార్యమేదీ లేదని గమనించాలి. విహార నిర్మాణం పుణ్యమే. అయినా వడ్రంగులకు ఏమి అందింది, ఏ పని ముగిసింది, ఏది మిగిలింది అనే చింత విడువనంతవరకు చిత్తం నిలువదు. అందుకు ఆచార్యులు పని మానుమనలేదు. కొద్దిగా మిగిలి ఉంటే పూర్తి చేయమన్నారు, ఎక్కువ ఉంటే బాధ్యత గలవారికి అప్పగించమన్నారు. ప్రయాణం తప్పనిదైతే దానిని ముగించుకొనియే సాధనకు కూర్చోవాలి. వ్యాధి ఉంటే ఔషధం తీసుకోవాలి. దాతలు, యాత్రికులు ఈ మాటలను తమకు అన్వయించుకోవచ్చు. ఇచ్చిన దానిని ఇచ్చిన చోటనే విడిచినప్పుడు దానం చిత్తానికి బరువు కాదు.

ఈ వ్యాసకర్తను పట్టుకొన్నది తొమ్మిదవ పలిబోధ. జపానికి కూర్చున్నంతనే ఏదో ఒక పదానికి వ్యుత్పత్తి స్ఫురించడం, దానిని వ్రాసుకొనుటకు లేవడం అనేక సంవత్సరాలు జరిగినది. విద్యయే అడ్డుగా నిలువగలదని అంగీకరించడానికి వార్ధక్యం రావలసి వచ్చింది.

ముడులు సడలిన పిదప శ్వాసను ఆలంబనంగా తీసుకోవచ్చు. శ్వాసలను లెక్కించేటప్పుడు అయిదుకు తక్కువగా ఆపరాదు, పదికి మించరాదు అని నియమం. అయిదుకు లోపల ఆపితే, ఇరుకు దొడ్డిలోని పశువుల వలె చిత్తం కలత పడుతుంది. పది దాటితే శ్వాసను విడిచి సంఖ్యనే పట్టుకొంటుంది. ఆలంబనం పైకి చిత్తాన్ని చేర్చడం వితర్కం, దానిని అక్కడనే మెలగనివ్వడం విచారం. ఆలయంలో గంటను కొట్టిన దెబ్బ మొదటిది, ఆ వెనుక సాగే నాదం రెండవది. వీటితో ప్రీతి, సుఖం, ఏకాగ్రత కూడినప్పుడు ప్రథమధ్యానం సిద్ధిస్తుంది.

దానికి ముందున్న దశ ఉపచార సమాధి. అప్పుడు చిత్తం, నిలబెట్టిన పసిబిడ్డ వలె నిలుస్తూ పడుతూ ఉంటుంది. అర్పణా సమాధిలో బలవంతుడైన పురుషుని వలె చాలసేపు నిలుస్తుంది. పడుతున్నది కదా అని బిడ్డను కసరే తల్లి ఉండదు. సాధకుడు కూడా తన చిత్తాన్ని కసరుకోనక్కరలేదు, మరల లేవనెత్తితే చాలును.

కాబట్టి ఈసారి దర్శనానికి వచ్చినప్పుడు బస్సు వేళ ముందుగానే కనుగొని, పిల్లలను పెద్దలకు అప్పగించి, వేసుకోవలసిన మందు వేసుకొని, అప్పుడు మండపంలో కూర్చోండి. ధ్యానం అక్కడనే మొదలైనదని తెలుసుకోండి.