కారడం వేరు, చెమర్చడం వేరు

రాజోలు,
శుక్రవారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి,

మీ అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు కాస్త నెమ్మదించాయి. నీ ఉత్తరం సోమవారం అందింది. ఈ రోజుల్లో కూడా నాకు కాగితం మీద రాసే మనిషివి నువ్వొక్కదానివే. ఆ కవరు చూస్తే పండగలా ఉంటుంది నాకు.

హైదరాబాదులో వానలు, హాస్టల్లో ఉప్పు లేని కూరలు, నీ కొత్త కళ్లజోడు, అన్నీ రెండుసార్లు చదివాను. రెండో పేజీ చివర మాత్రం ఆగిపోయాను. "ఒక్క పదం కోసం పెద్దాయనతో గొడవెందుకని మార్చేశాను మామయ్యా" అని రాశావు. ఆ వెంటనే ఉల్లిపాయల ధర ఎత్తుకున్నావు. నువ్వు ఉల్లిపాయల దగ్గరికి వెళ్లిపోయావు గానీ, నేను నాలుగు రోజులుగా ఆ వాక్యం దగ్గరే ఉన్నాను. నిన్న రాత్రి లేచి దీపం వేసుకుని మళ్లీ చదివాను. మీ అత్తయ్య బీపీ పెరిగిందేమోనని కంగారు పడింది.

గొట్టం లోపల పోతూ ఇనుముని పరీక్షించే యంత్రం, ఆ పిగ్గు, తెచ్చిన సమాచారంలో ఒకచోట గీత పగులులా కనబడిందని నువ్వు గుర్తు పెట్టావు. మీ ఆఫీసు పెద్దాయన అది పగులు కాదు, ఇనుము మిల్లులో సాగదీసినప్పుడు పడిన మచ్చ అన్నాడు. నువ్వు సరేనని దిద్దేశావు. నేను అర్థం చేసుకున్నది ఇంతే. ఆయన చెప్పిందే నిజం కావచ్చు. నేను ఆ గీత చూడలేదు, చూసినా నాకు అర్థం కాదు. నా బాధ అది కాదమ్మా. నీకు ఒప్పుదల కలిగి మార్చావా, గొడవెందుకని మార్చావా? రెండోదే అని నువ్వే రాశావు.

పగులు అని రాస్తే దాని పొడవూ లోతూ చూసి, ఎవరో ఒకరు జేసీబీ తీసుకుని ఆ కిలోమీటరు రాయి దగ్గరికి వెళ్లాలి. మన్ను తీసి, కోటింగు ఒలిచి, ఇనుముని కళ్లతో చూడాలి. మచ్చ అని రాస్తే ఆ మన్ను ఎవరూ కదపరు. ఆ పైన మనుషులు నడుస్తూనే ఉంటారు. నీకు తెలియని సంగతి కాదిది. తెలిసిన సంగతి ఏసీ గదిలో కూర్చుంటే మరుపున పడుతుంది.

నీకు ఎన్నడూ చెప్పని ముచ్చట ఒకటి చెబుతాను. మీ అమ్మకి కూడా తెలియదు.

అప్పటికి నాకు పాతికేళ్లు నిండలేదు. గ్యాసు గొట్టం లైను వెంట నడిచే ఉద్యోగం. చేతిలో కర్ర, జేబులో చిన్న పుస్తకం, చెవి వెనక పెన్సిలు. నాట్లు పడి రెండు వారాలైన చేను ఒకటి, మన ఊరికి ఎగువన. గట్టు పక్కన నీళ్లలో బుడగలు వస్తున్నాయి. కోనసీమ చేలో బుడగలు వింత కాదు. కాలు పెడితే చాలు, బురదలోంచి గుప్పుమని నాలుగు లేచి ఊరుకుంటాయి. అందుకని నేను గట్టు మీద ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డాను. అయినా వస్తున్నాయి. ఆవగింజంత బుడగలు, ఒకే చోటు నుంచి, ఒకదాని వెనక ఒకటి, జపమాల తిప్పుతున్నట్టు. ఆ పక్కనే గట్టు మీద చాప పరిచినంత మేర గరిక ఎండిపోయి ఉంది. చుట్టూ పచ్చగానే ఉంది. రైతు వచ్చి, "వారం నుంచీ ఇంతే బాబూ. గరిక ఎండగా నా జన్మలో చూళ్లేదు" అన్నాడు. గ్యాసు మట్టిలోకి ఎక్కితే గాలిని తోసేస్తుంది, వేళ్లకి ఊపిరాడదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు, ఆ రైతుకీ తెలియదు. కానీ ఆయన సరైన మాటే అన్నాడు.

నేను పుస్తకంలో "బుడగలు, ఆగకుండా వస్తున్నాయి" అని రాసుకున్నాను. సాయంత్రం నా పైవాడు చూసి, "చేలో బుడగలు రాక ముత్యాలు వస్తాయా? చిత్తడి గ్యాసు అని రాయి" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నాది కొత్త ఉద్యోగం. చెల్లెలి పెళ్లి ముందుంది. కొట్టేసి రాశాను. ఆ పెన్సిలు గీత ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. "ఆగకుండా" అన్న మాట మీద అడ్డంగా రెండుసార్లు గీశాను.

19 రోజుల తర్వాత వేరే బృందం గ్యాసు మీటరు పట్టుకుని అటుగా వచ్చింది. తవ్వారు. కోటింగు ఊడిన చోట సూది బెజ్జమంత రంధ్రం. దాన్ని మూసేశారు, మట్టి కప్పేశారు, ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కానీ బుజ్జీ, ఆ 19 రోజులూ ఆ రైతు రోజూ మధ్యాహ్నం అదే గట్టు మీద కూర్చుని చద్దన్నం తిని చుట్ట వెలిగించుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. గాలి అటు వీచింది, అంతకుమించి నేను చేసిన మేలేమీ లేదు. ఆ చుట్ట ఇన్నేళ్లయినా నాకు కలలో వస్తుంది.

ఆ గ్యాసుకి వాసన లేదు. వంటింటి బండలో వచ్చే కంపు మందు కలిపితే వచ్చేది. 1937లో టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊళ్లో బడి కింద గ్యాసు చేరి పేలి, దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే వాసన మందు కలపాలని చట్టాలు వచ్చాయి. పొలాల్లోంచి పోయే పెద్ద లైన్లలో చాలావాటిలో ఇప్పటికీ కలపరు. వాసన రాని చోట మనిషికి మిగిలేది కన్నూ, చెవీ, ఆ తర్వాత పుస్తకంలో రాసే మాటా.

మాట అన్నాను గనక, మీ అమ్మమ్మ గురించి చెప్పాలి. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు ఆవిడ వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. కంగుమంటే పక్కన పెట్టుకునేది, బొంగురుగా పలికితే తిరిగి ఇచ్చేసేది. ఇంటికి తెచ్చాక నీళ్లు పోసి పొడి బూడిద మీద కూర్చోబెట్టేది. పొద్దున్న బూడిద చూసి తీర్పు చెప్పేది. "చెమర్చింది" అంటే మంచి కుండ, నీళ్లు చల్లగా ఉంటాయి. "ఊరుతోంది" అంటే ఇంకో రాత్రి చూడాలి. "కారుతోంది" అంటే పెరట్లో తులసి మొక్కకి. చెమర్చడం, ఊరడం, బొట్లు కట్టడం, కారడం, ధార కట్టడం... ఒక్కో మాటకి ఒక్కో కొలత. అయిదో తరగతి కూడా దాటని మనిషి ఒక మాట బదులు ఇంకో మాట ఎప్పుడూ వాడలేదు. మీ పుస్తకాల్లో సూచన అంటే పరికరానికి తగిలింది, తేడా అంటే ఉండాల్సిన తీరున లేనిది, లోపం అంటే హద్దు దాటింది అని వరస పెట్టారు కదా. అది మీ అమ్మమ్మ బూడిదే. నువ్వు ఆ వరసలో ఒక మెట్టు దింపావు, లేదా దింపనిచ్చావు.

కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. నీ మీద కోపం నాకు చేతకాదు.

రెండేళ్ల కిందట నువ్వు ఈ ఉద్యోగంలో చేరినప్పుడు, నీ పని ఏమిటో తెలుసుకోవాలని ఒక అమెరికా నివేదిక ఇక్కడ జిరాక్సు కొట్టులో ప్రింటు తీయించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివాను. 2010 జులై 25న మిషిగన్ రాష్ట్రంలో మార్షల్ అనే ఊరి దగ్గర 30 అంగుళాల ముడి చమురు గొట్టం పగిలింది. చీలిక ఆరడుగుల పైనే. వాళ్ల రవాణా భద్రతా బోర్డు 2012లో విచారణ ముగించింది. అందులో రెండు మాటలు ఎర్ర పెన్సిలుతో గీసి పెట్టుకున్నాను.

మొదటిది కంట్రోల్ రూములో అనుకున్న మాట. గంటలు మోగాయి, ప్రెషరు పడింది. గొట్టంలో చమురు మధ్యలో తెగి ఆవిరి జాగా పడిందేమో అనుకున్నారు. అలా జరగడం ఉన్నదే. ఆ పేరు పెట్టగానే అందరి మనసూ కుదుటపడింది. తెగిన చమురుని కలపాలంటే ఇంకా తోయాలి కదా, రెండుసార్లు పంపులు ఆడించారు. పోయిన చమురులో ఎక్కువ భాగం అప్పుడే పోయింది. 17 గంటలు గడిచాక బయటి మనిషి ఫోను చేసి వాగులో చమురు ఉందని చెబితే గానీ తెలియలేదు. 8 లక్షల గ్యాలన్లకు పైగా. అది వాగులోంచి కలమజూ నదిలోకి పోయింది.

రెండోది నీ పనికి సంబంధించిన మాట. ఆ చోటు అయిదేళ్ల ముందే, 2005లో, పిగ్గుకి దొరికింది. దొరికింది బుజ్జీ! కానీ పక్కపక్కన పడిన పగుళ్ల గుంపుని ఒంటి పగులు కింద వేశారు. గుంపు అయితే పొడవు చూసి తవ్వాలి. ఒంటిదైతే లోతు లెక్క కట్టి, గట్టిగానే ఉందనుకుంటే వదిలెయ్యొచ్చు. వదిలేశారు. యంత్రం తన పని తాను చేసింది. పేరు పెట్టిన చోట తప్పింది.

అంత దూరం ఎందుకు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన నగరం అనే ఊరు గ్యాసు గొట్టం పేలి తగలబడింది. నువ్వప్పుడు ఇంటర్‌లో ఉన్నావు, పేపర్లో బొమ్మ చూసి అన్నం మానేశావని మీ అమ్మ చెప్పింది. నేను ఆ మర్నాడు వెళ్లాను. కొబ్బరి చెట్లు నిలువునా నల్లగా, అగ్గిపుల్లల్లా ఉన్నాయి. 20 మందికి పైగా పోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పోయిందని, లోపలి నుంచి తుప్పు తినేసిందని తర్వాత విచారణలో బయటపడింది. పొడి, తడి. రెండేసి అక్షరాల మాటలు. కాగితం మీద పొడి అని ఉంది గనక లోపల నీళ్లు లేకుండా పోతాయా? నీరు బరువు, కిందికి దిగి గొట్టం అడుగున, గడియారంలో ఆరు ఉండే చోట కూర్చుంటుంది, ఇనుముని నములుతుంది.

గడియారం అంటే గుర్తొచ్చింది. నీకు గడియారం చూడటం నేర్పింది నేనే. మా ఇంటి హాల్లో ఆ పాత గోడ గడియారం కింద స్టూలు వేసి నిలబెడితే, పెద్ద ముల్లు ఆరు దగ్గరికి వచ్చినప్పుడల్లా "కింద పడింది" అని చప్పట్లు కొట్టేదానివి. ఇప్పుడు ఎక్కడో పరదేశంలో భూమి కింద ఉన్న గొట్టానికి నువ్వు గంటలు చెబుతున్నావని తలుచుకుంటే గుండె నిండిపోతుంది. ఆ గడియారం ఇంకా ఆడుతోంది. పది నిమిషాలు వెనక.

ఇంకొక్క మాట, ఇది కూడా మాట గురించే. "లేదు" అని రాయకు. "కనబడలేదు" అని రాయి. అయస్కాంతం పిగ్గుకి తుప్పు తిన్న గుంట బాగా తెలుస్తుంది. గొట్టం పొడవునా వెంట్రుకలా పడిన పగులు దాని కన్ను తప్పిపోతుంది, అయస్కాంతం పట్టు ఆ పగులు వెంటే సాగిపోతుంది కాబట్టి. పగుళ్లకి ధ్వనితో చూసే పిగ్గు వేరే ఉందని నువ్వే నాకు చెప్పావు. చూపు లేని పరికరంతో వెతికి లేదని రాస్తే అది అబద్ధమే అవుతుంది. పంపినంతా చేరిందా అని లెక్క చూసే పద్ధతీ అంతే. పెద్ద లైనులో నూటికి ఒక పాలు కన్నా చిన్న కారుడు ఆ లెక్కలో కలిసిపోతుంది. నా సూది బెజ్జం ఏ లెక్కకీ అందలేదు. గరికకి అందింది.

పిగ్గు బయటికొచ్చే రిసీవరు దగ్గర రాత్రిళ్లు దాని కోసం కాచుకున్న రోజుల్లో గొట్టానికి చెవి ఆనించి వినేవాళ్లం. ముందు దూరంగా ఈలలాగా, తర్వాత గలగలమని, చివరికి కాళ్ల కింద నేల అదిరేది. తలుపు తీస్తే దాంతో పాటు బకెట్లకొద్దీ నల్లటి పొడి. గాలి తగిలితే తనంతట తానే రాజుకుంటుందని నీళ్లు చల్లి గానీ ముట్టుకోనిచ్చేవారు కాదు. మసితో మొహాలు నల్లగా, టీ తాగుతూ, పిగ్గుకి ఏమేం కనబడ్డాయో అనుకునేవాళ్లం. అది చూసింది చదివే మనిషి ఎవరో, ఎక్కడుంటారో మాకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆ మనిషివి నువ్వు.

ఏం చెయ్యమంటానంటే, ఉద్యోగం మానెయ్యకు. మానేస్తే బాగుండునని మీ అమ్మతో అన్నావట. మానేస్తే ఆ కుర్చీలో గొడవెందుకనుకునే ఇంకొకరు కూర్చుంటారు. పెద్దాయన మీద ఫిర్యాదూ వద్దు. రిపోర్టు వచ్చే నెల గానీ వెళ్లదని రాశావు, ఇంకా వ్యవధి ఉంది. సోమవారం పొద్దున్నే ఆ గీత మళ్లీ తియ్యి. అది ఎంత పొడవుంది, అతుకుకి ఎంత దూరంలో ఉంది, పాత పిగ్గు తీసిన సమాచారంలో అదే చోట ఏముంది, అన్నీ ఒక కాగితం మీద పెట్టు. మిల్లు మచ్చ అయితే పాత దాంట్లోనూ అంతే ఉండాలి, పెరగకూడదు. పెరిగిందా, దానికి మచ్చ అని పేరు పెట్టే వీల్లేదు. ఆ కాగితం ఆయనకి మర్యాదగా ఇచ్చి, ఇంకొకరి చేత కూడా చూపించమని అడుగు. నోటితో కాదు, రాతపూర్వకంగా. అప్పటికీ తేలకపోతే "తేలలేదు, తవ్వి చూడాలి" అని రాసే హక్కు నీకుంది. ఆ మాట నా పుస్తకంలో లేకపోయింది.

భయం వేస్తుంది. నాకూ వేసింది. రేపు నీ మీద ఎవరైనా విసుక్కుంటే, మన ఇల్లు ఉంది, రెండెకరాలు ఉన్నాయి, నీ పేరున అత్తయ్య దాచింది కొంత ఉంది. అన్నానికి లోటు లేని పిల్లవి, అది మనసులో పెట్టుకుని మాట్లాడు.

ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు బస్సులో పంపుతున్నాను. ఒకటి మీ పెద్దాయనకి ఇవ్వు, కాగితం ఇచ్చే రోజున కాదు, ముందు రోజున. కళ్లజోడు తీసేసి రాత్రిపూట పని చేయకు.

సోమవారం ఆ గీత చూశాక నాకు ఫోను చెయ్యి. ఈసారికి ఉత్తరం దాకా ఆగకు. ఎంత పొద్దుపోయినా సరే, ఎత్తుతాను.

నీ మామయ్య