విత్తనంలో విజ్ఞానం

కడప జిల్లాలో నేల అంతటా ఒకే తీరుగా ఉండదు. కర్నూలు–కడప కాలువ నీరందే ప్రొద్దుటూరు ప్రాంతంలో వరి పండుతుంది. జమ్మలమడుగు నల్లరేగళ్లలో జొన్న వంటి పైరు నేల దాచుకొన్న తేమతోనే ఎదుగుతుంది. మెట్ట పొలాలు గల పులివెందుల ప్రాంతంలో ప్రతి నీటిబొట్టూ విలువైనదే. ఇట్టి నేలలకు తగిన విత్తనాన్ని అందించడంలో జన్యు సాంకేతిక విజ్ఞానం ఏ విధంగా తోడ్పడుతుందో తెలుసుకొందాం.

జీవి లక్షణాలను తరతరాలకు అందించేవి జన్యువులు. గింజ సన్నదనానికి, పంట కాలానికి, తెగుళ్లను తట్టుకొనే శక్తికి అవే మూలం.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 రకమే సాంబ మసూరి. సన్నని గింజ, కమ్మని అన్నం దీని సుగుణాలు. బాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోవడం దీని లోపం. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలనాలయం శాస్త్రవేత్తలు తెగులును నిరోధించే మూడు జన్యువులను సంకరణం ద్వారా దీనిలో చేర్చారు. ఆ జన్యువులు ఏ మొక్కలో చేరాయో డి.ఎన్.ఎ. గుర్తుల సాయంతో లేత దశలోనే కనుగొన్నారు. అలా రూపొందిన ‘మెరుగైన సాంబ మసూరి’ 2008లో విడుదలైంది. గింజ గుణం చెడలేదు. లోపం మాత్రమే తొలగింది.

2025 మే నెలలో మరో ముందడుగు పడింది. అన్య జీవి జన్యువును చేర్చకుండా, సాంబ మసూరిలోని ఒక జన్యువునే క్రిస్పర్ పద్ధతిలో సవరించి ‘కమల’ అనే రకాన్ని రూపొందించినట్లు ప్రకటించారు. ఇది సుమారు ఇరవై రోజులు ముందుగా కోతకు వస్తుందని, దిగుబడి కూడా పెరుగుతుందని శాస్త్రవేత్తలు తెలిపారు. పంట కాలం తగ్గితే నీరు మిగులుతుంది. కాలువ చివరి పొలాలకు అది ఎంతో మేలు. అయితే ఈ ఫలితాలు రైతు పొలంలోనూ రుజువు కావాలి.

మెట్ట పంటలకూ ఈ విజ్ఞానం ఉపకరిస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, హర్యానా శాస్త్రవేత్తల కృషితో వెర్రికంకి తెగులును తట్టుకొనే సజ్జ సంకరం 2005లో విడుదలైంది. కొర్ర జన్యుక్రమం 2012లో వెల్లడైంది. వరిపై చూపిన శ్రద్ధ జొన్న, కొర్రలపైనా చూపినప్పుడే మెట్ట రైతుకు న్యాయం జరుగుతుంది.

తన పంట నుండి విత్తనాన్ని దాచుకొని తిరిగి విత్తుకొనే హక్కును 2001 నాటి చట్టం రైతుకు కల్పించింది. ప్రయోగశాలలో పుట్టిన విత్తనం ఆ హక్కును కాపాడుతూ, ఆయా నేలల అవసరం తీర్చినప్పుడే విజ్ఞానం సార్థకమవుతుంది.