అధ్యయనము – స్ఫురణ

శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి మైత్రేయికి ఉపదేశించిన క్రమము భాగవతోత్తములకు సుపరిచితమే. వినుట యెట్టిదో అందరికిని తెలియును. ధ్యానించుట యెట్టిదో గురువులు చెప్పుదురు. ఈ రెంటి నడుమనున్న మననమునందు ఒక విచిత్రము జరుగుచుండును. ఏండ్ల తరబడి వల్లించిన మాట ఒకనాడు, వేరొక మాట తన ప్రక్కన చేరిన క్షణమున, తటాలున అర్థమును విప్పి చూపును. ఎవరును క్రొత్తగా చెప్పినది లేదు. ఉన్నవే రెండు కలిసినవి. దీనినే పెద్దలు స్ఫురణ యనిరి, ప్రతిభ యనిరి.

బండి ఆత్మకూరు ప్రాంతపు యాత్రికులు నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా అహోబిలము చేరుదురు. ఎగువ అహోబిలమునకు పైన కొండలలో ఉగ్రస్తంభమును చూపి, స్వామి ఆవిర్భవించిన స్తంభ మిదియే యని చెప్పుదురు. దానిని చూచి హిరణ్యకశిపుని వరములను తలచుకొనని వారుండరు. పగలు గాని రాత్రి గాని, ఇంటిలోపల గాని వెలుపల గాని, నేలమీద గాని నింగియందు గాని, నరునిచే గాని మృగముచే గాని, ప్రాణమున్న దానిచే గాని లేనిదానిచే గాని తనకు చావు కలుగరాదని అతని కోరిక. పోతనామాత్యుని పుణ్యమా యని ఈ కథ మన ఇండ్లలో పిల్లలకును కంఠస్థమే. సమాధానములను కూడ వారు అదే వరుసలో అప్పజెప్పుదురు: సంధ్యవేళ, గడప, ఒడి, నరసింహాకృతి, గోళ్ళు. ఐదు చిక్కులు, ఐదు జవాబులు. ఇంతవరకు ఇది జ్ఞాపకశక్తి.

అట్టి బాలుడొకడు బడిలో గుణసంధి నేర్చుచున్నా డనుకొందము. 'మహా' అను మాటకు 'ఇంద్ర' అను మాట చేరినచో 'మహేంద్ర' యగును. ఆకారమును లేదు, ఇకారమును లేదు. రెంటి స్థానమున ఏకారము వచ్చినది. అది మొదటిది కాదు, రెండవదియు కాదు. అయినను రెంటినుండియే పుట్టినది. 'సంధ్య' యను మాటయు 'సంధి' నుండి వచ్చినదే యని ఉపాధ్యాయుడు ప్రసంగవశమున చెప్పినాడు. అంతట ఆ బాలునకు తళుక్కున తోచును: పగటికి రేయికి సంధి సంధ్య, లోపలికి వెలుపలికి సంధి గడప, నేలకు నింగికి నడుమ ఒడి, చేతనమునకు జడమునకు నడుమ గోరు, నరునకు మృగమునకు సంధి సాక్షాత్తు స్వామియే! అవి ఐదు జవాబులు కావు, ఒక్కటే జవాబు. దానవుడు లోకమును రెండేసి ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకును కాపలా పెట్టుకొనెను. ముక్కలు కలియు చోటు అతనికి తోచలేదు. ఇది గ్రహించిన బాలునకు ఇక వరుస తప్పునను భయము లేదు.

వరముల కథయు, గుణసంధియు ఆ బాలుని తలలో మునుపే యుండగా అవి అంతవరకు ఏల కలియలేదు? పదములు కలిసి వాక్యార్థమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని మన శాస్త్రకారులు నిర్ణయించిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున బాలురకు సైతము బోధపడునట్లు వీనిని వివరించినాడు. 'ఆవును' అన్నచో చాలదు, దానిని ఏమి చేయవలెనను అపేక్ష మిగిలియుండును. 'నిప్పుతో తడుపుము' అన్నచో పొసగదు. 'ఆవును' అని ఉదయమున, 'తోలుకొని రమ్ము' అని సాయంకాలమున పలికినచో ఎవరికిని అర్థము కాదు. పదముల విషయమున చెప్పిన ఈ మూడును భావముల కలయికకును సరిపోవునని నా యభిప్రాయము.

శ్రీమద్రామానుజుల చరిత్రలోని 'కప్యాస' ఘట్టమే ఇందుకు సాక్ష్యము. ఛాందోగ్యమున పరమపురుషుని నేత్రములకు పుండరీకము ఉపమానముగా చెప్పబడినది. ఆ పుండరీకమునకు 'కప్యాసము' అని విశేషణము. గురువైన యాదవప్రకాశుడు కపి యనగా కోతి యని గ్రహించి, దాని పృష్ఠభాగపు ఎఱుపును సామ్యముగా చెప్పెనట. అప్పుడు గురువునకు తైలమర్దనము చేయుచున్న శిష్యుని కంట నీరు జారి గురువు తొడపై పడెనని సంప్రదాయము చెప్పుచున్నది. కారణ మడుగగా ఆయన వేరొక అర్థమును విన్నవించెను. 'కమ్' అనగా జలము. దానిని త్రాగువాడు కపి, అనగా సూర్యుడు. అతనిచే వికసింపజేయబడినది కప్యాసము. సూర్యకిరణములచే విచ్చిన తామర యను ఈ భావమునే ఆయన వేదార్థసంగ్రహమునందును నిలిపిరి.

ఇందులో ఏది క్రొత్తది? ధాతువులు వ్యాకరణము చదివిన వారందరికిని తెలిసినవే. ఎండకు నీరు ఇంకుట పొలము దున్నువాడును ఎఱుగును. సూర్యోదయమున తామర విచ్చుట ప్రతి కవియు చెప్పినదే. మఱియు ఆ ప్రకరణమంతయు సూర్యమండలమధ్యవర్తియైన హిరణ్మయపురుషుని గూర్చినది! సూర్యుడు ఆ పుటలోనే యున్నాడు, అది సన్నిధి. కన్నునకు విచ్చిన తామర పొసగును, అది యోగ్యత. ఇక ఆకాంక్ష మాటయో, అది ఆ కన్నీటి బొట్టే. ఆ అర్థము తన స్వామికి తగదను బాధ లేనిచో శిష్యుడు ధాతువుల జోలికి పోయియుండునా? పాండిత్యమున గురువు తక్కువవాడు కాడు. ఆయనకు ఆ లోటు తోచలేదు, అంతే.

ఇది మన దేశమునకే పరిమితమైన విషయము కాదు. ఫ్రెంచి గణితవేత్త పాయింకరే 1908 లో ప్రకటించిన గ్రంథమున తన అనుభవ మొకటి వ్రాసినాడు. ఎంతో కాలము శ్రమించిన సమస్యను ప్రయాణపు సందడిలో మరచి, కూటాన్స్ అను ఊర బండి మెట్టుపై కాలు మోపినంతనే, తాను వాడిన పరివర్తనములును, యూక్లిడ్ మార్గమునకు భిన్నమైన రేఖాగణితములోని పరివర్తనములును ఒక్కటేయని అతనికి స్ఫురించెనట. ముందు శ్రమ లేనిచో అట్టి మెఱుపు ఫలింపదనియు ఆయనయే చెప్పినాడు.

కావున వల్లెవేయుటను చులకన చేయువారితో నేను ఏకీభవింపజాలను. ధాతువులు కంఠస్థము గానివానికి ఆ కన్నీటి వేళ ఏమి తోచియుండును? అయితే, పిల్లవాడు అప్పజెప్పగానే తృప్తిపడి లేచిపోవు తల్లిదండ్రులతోను ఏకీభవింపజాలను. అర్థమంతయు ముందే నోటికందించుట కూడ అట్టిదే. దానివలన ఆకాంక్ష పుట్టకమునుపే చచ్చును.

ఈసారి అహోబిలయాత్రలో మాలోల నృసింహుని సన్నిధిని బిడ్డను ఒక్క నిమిషము నిలుపుడు. 'మా' యనగా లక్ష్మి యని మాత్రము చెప్పుడు. 'మాధవ' శబ్ద మెఱిగిన బిడ్డ మిగిలినది తానే కూర్చుకొనును. అసురుని చీల్చిన ఒడిలోనే అమ్మవారు కూర్చున్నదేమి యని ఆ బిడ్డ అడిగినచో, త్వరపడి జవాబు చెప్పకుడు.