పిప్పిపంటికి వెండియా, పంటిరంగు సిమెంటా?

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు అంచున, పహాడీషరీఫుకు సమీపమున జల్‌పల్లి కలదు. 2016వ సంవత్సరమున అది పురపాలక సంఘమైనను పేరులో పల్లె మిగిలియేయున్నది. పేరులోని జలము చెరువునందున్నది. పంటి ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకై ఇటీవల మేము అచ్చటి ఒక వీధికి వెళ్ళియుంటిమి. మేము గోడకు వ్రేలాడదీసిన చిత్రపటములను ఎవరును అంతగా తిలకింపలేదు. ప్రశ్నలు మాత్రము పుష్కలముగా వచ్చినవి. వానిలో మూడు ప్రశ్నలు ఏ గ్రామమునందైనను పుట్టదగినవి కనుక, వాని సమాధానములను ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్న ఐదవ నెల గర్భవతియైన ఒక సోదరిది. ఆమెకు పదేండ్ల క్రిందట రెండు దవడపండ్లకు వెండి నింపిరట. "సారూ, ఇది వెండి గాదంట, పాదరసమంట. కడుపుల బిడ్డకు విషమెక్కుతదని ఫోన్ల చూపెట్టిండ్రు. రేపే పోయి తీపిచ్చుకోవాల్నా?" అని ఆమె అడిగినది. ప్రక్కనే నిలుచున్న ఏడేండ్ల కొడుకు నోరు తెరిపించి, దవడపంటి యందలి నల్లని గుంటను చూపి, "మరి వీనికి ఏది పెట్టియ్యాలె?" అని రెండవ ప్రశ్న వేసినది. మూడవది ఒక తుక్కు వ్యాపారిది. దానిని చివరకు చెప్పెదము.

ఆ సోదరి విన్నమాటలో సగము నిజమున్నది. మనము వెండి యని పిలుచునది వట్టి వెండి కాదు. దంతవైద్యులు దానిని అమాల్గం అందురు. దాని బరువులో ఇంచుమించు సగము పాదరసమే. తక్కినది వెండి, తగరము, రాగి కలిసిన పొడి. పాదరసము మామూలు వేడిమియందే ద్రవముగా నుండు లోహము గనుక, ఈ పొడితో కలిపి నూరినచో మెత్తని ముద్దయగును. ఆ ముద్దను గుంటలో కూరిన కొలదిసేపటికే గట్టిపడి, నమలుటకు తట్టుకొనును. చీనాదేశమున టాంగ్ వంశీయుల కాలమునందే, క్రీ.శ. 659 నాటి వైద్యగ్రంథములో, ఇట్టి ముద్ద ప్రసక్తి కలదు. ఐరోపాలో 1826 ప్రాంతమున పారిస్ నగరవాసియగు తావో దీనిని ప్రచారమునకు తెచ్చెను. తరువాత అమెరికాలో దంతవైద్యులు దీని మంచిచెడ్డలపై రెండు పక్షములై కలహించుకొనిరి. కావున ఈ తగవు ఫోనులతో పుట్టినది కాదు.

పాదరసము విషమేనా? అవును, విషమే. అయితే ఏ రూపమున, ఎంత మోతాదున అను రెండు సంగతులను విడదీసి చూడవలయును. ద్రవరూపమున నున్న పాదరసము కడుపులోనికి పోయినచో దాదాపు అంతయు వంటబట్టక వెలుపలికి వచ్చును. ఆవిరిరూపమున పీల్చినచో అట్లు కాదు. నూటికి ఎనుబది పాళ్ళ వరకు ఊపిరితిత్తులగుండా రక్తమున చేరును. గట్టిపడిన అమాల్గం నుండి, నమలునపుడును, వేడి తేనీరు త్రాగునపుడును, నిద్రలో పండ్లు కొరుకువారికిని, అత్యల్పముగా ఈ ఆవిరి వెలువడుచుండును. దీనిని వైద్యశాస్త్రము కాదనుట లేదు. ఆ అల్పమాత్ర హాని చేయునంతటిదా అనునదే తేల్చవలసిన విషయము.

తేల్చుటకు పిల్లలపైననే పరీక్ష జరిగినది. అమెరికాలోని న్యూఇంగ్లండు ప్రాంతమున 534 మంది పిల్లలను, పోర్చుగల్ దేశపు లిస్బన్ నగరమున 507 మంది పిల్లలను ఎన్నుకొని, కొందరికి అమాల్గం, కొందరికి పంటిరంగు పదార్థము నింపి, ఒకచోట ఐదేండ్లు, మరియొకచోట ఏడేండ్లు కనిపెట్టి చూచిరి. ఫలితములు 2006లో ప్రకటితమైనవి. అమాల్గం గల పిల్లల మూత్రమునందు పాదరసము కొంచెము హెచ్చుగనే యుండెను. న్యూఇంగ్లండు పరీక్షలో ఐదవయేట ఆ లెక్క 0.9 మైక్రోగ్రాములు కాగా, రెండవ జట్టులో 0.6గా నుండెను. కాని తెలివితేటలలోగాని, జ్ఞాపకశక్తిలోగాని, మూత్రపిండముల పనిలోగాని ఇరుజట్ల నడుమ చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఇంత ఓపికతో చేసిన పరీక్షలు ఈ విషయమున బహు తక్కువ. అందుచేత ఫోనులో కనబడిన మాటకంటె మేము వీనినే హెచ్చుగా నమ్ముచున్నాము.

కనుక ఆ సోదరికి మా సమాధానము ఇది: అమ్మా, తీయించుకొనవద్దు. నింపినది బిగువుగా నుండి, అంచున క్రొత్తగా పుచ్చు పట్టనిచో దానిని కదిలింపరాదు. ఊరక కూర్చున్న అమాల్గం నుండి వచ్చు ఆవిరికంటె, యంత్రముతో దానిని తొలిచి తీయునపుడు లేచు ఆవిరియే హెచ్చు. తీసినచోట మంచి పన్ను కొంత తరిగిపోవుట మరియొక నష్టము. అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ శాఖవారు 2020లో చేసిన సూచన ఇట్లే యున్నది: గర్భిణులు, బిడ్డను కనదలచినవారు, పాలిచ్చు తల్లులు, పిల్లలు, ముఖ్యముగా ఆరేండ్లలోపువారు, నరముల వ్యాధులు గలవారు, మూత్రపిండములు చెడినవారు, పాదరసము పడనివారు, వీరందరును సాధ్యమైనంతవరకు క్రొత్తగా అమాల్గం పెట్టించుకొనరాదు, ఇదివరకే యున్న మంచి పూరకమును మాత్రము, వైద్యుడు అవసరమని చెప్పిననే గాని, తీయింపరాదు. ఈ రెండు వాక్యములను కలిపి చదువవలయును. జనులు మొదటిదానిని విని భయపడుచున్నారు, రెండవదానిని వినుట లేదు.

ఇక పంటిరంగు పదార్థముల సంగతి. వీనిలో హెచ్చుగా వాడుకలో నున్నది కాంపోజిట్. బంకవంటి రెసినులో గాజుపొడి వంటి సన్నని రేణువులను కలిపి చేయుదురు. ఇట్టి రెసినును అమెరికాకు చెందిన బోవెన్ 1960ల తొలినాళ్ళలో రూపొందించెను. పంటిని మొదట కొద్దిపాటి ఆమ్లముతో గరుకుచేసి, జిగురు పూసి, పలుచని పొరలుగా పెట్టి, ఒక్కొక్క పొరపై నీలికాంతి ప్రసరింపజేసి గట్టిపరచుదురు. ఇది పంటికి అంటుకొనును గనుక, మంచి పంటిని ఎక్కువ చెక్కవలసిన పనిలేదు. నవ్వినపుడు నల్లగా కనబడదు. పాదరసము లేదు.

అంతమాత్రమున లోపములు లేవని కాదు. పని జరుగునంతసేపు పన్ను పొడిగా నుండవలయును. ఉమ్మియో రక్తమో తగిలెనా, అంటు సరిగా పట్టదు. గట్టిపడునపుడు కొంచెము కుంచించుకొనిపోవును. ఆ సందున మరల పుచ్చు ప్రవేశించును. పైన చెప్పిన లిస్బన్ పరీక్షలో ఏడేండ్ల తరువాత అమాల్గం పూరకములు నూటికి 94 నిలువగా, కాంపోజిట్ పూరకములు సుమారు 85 నిలిచినవి. కాంపోజిట్ చెడుటకు ముఖ్యకారణము ప్రక్కన క్రొత్తగా పట్టిన పుచ్చే. ఇందుండి బిస్ఫినాల్ ఏ అను రసాయనము లేశమాత్రముగా, ముఖ్యముగా పెట్టిన తొలిగంటలలో, వెలువడునని మరికొందరు భయపెట్టుచుందురు. ఆ మోతాదు మిక్కిలి స్వల్పము. భయపెట్టువారికి రెండు వైపులను సరుకు దొరకుచున్నదని మాత్రము మేము గ్రహించితిమి.

ఏడేండ్ల పిల్లవాని విషయమున మొదట చూడవలసినది అది పాలపన్నా, కాదా అనునది. ఆరవయేట పాలదవడపండ్ల వెనుక నొక పెద్దపన్ను వచ్చును. ఏ పన్నును ఊడకుండగనే వచ్చును గనుక, తల్లులు దానిని పాలపన్నని తలంచి, ఎటులైనను ఊడిపోవునదే గదా యని ఉపేక్షింతురు. అది ఊడిపోదు, జన్మాంతము నమలవలసిన పన్ను అదియే. ఈ బాలునకు పుచ్చినది ఆ పన్నే. నాలుగు ఇండ్ల అవతలి ముసలమ్మ పొగ వేయించి పురుగు తీయించుమని సలహా యిచ్చెను. పంటిలో పురుగు లేదు. బెల్లము, చక్కెర, బిస్కెట్టు పంటికి అంటియుండగా, నోటిలోని సూక్ష్మజీవులు వానిని తిని ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటిని కరిగించును. దినమునకు నాలుగైదుమారులు తీయని చాయలో బిస్కెట్టు ముంచి తినుటకు అలవాటుపడిన బాలుని పన్ను ఎట్లు నిలుచును?

పదునైదేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, వైద్యుడు తప్పనిసరి యనుకొన్ననే గాని, అమాల్గం వాడరాదని మినమాతా ఒడంబడికలో 2022లో చేర్చిరి. కావున బాలునకు పంటిరంగుదే తగును. కాంపోజిట్ కాక, గ్లాస్ అయొనోమర్ అను మరియొక సిమెంటు కలదు. అది దానంతట పంటికి పట్టుకొనును. నీలికాంతి లేకయు గట్టిపడు రకములున్నవి. ఫ్లోరైడును కొంచెము కొంచెముగా విడుచుచుండును. నమలుటకు తక్కిన రెంటికంటె బలహీనమైనను, యంత్రము లేకుండ చేతి పనిముట్లతోనే పుచ్చును గోకి దీనిని నింపవచ్చును. 1980లలో టాంజానియాలో మొదలైన ఈ పద్ధతి, విద్యుత్తు నిలుకడగా లేని పల్లెలకు మిగుల అనుకూలము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఈ సిమెంటును అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. బాలుని తీసికొనిపోవుటకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి కలదని తల్లికి చెప్పితిమి. గుంట నరమువరకు పోయినదో లేదో అచ్చటివారు చూచి చెప్పెదరు. పోయినచో ఏ సిమెంటును చాలదు, వేరు చికిత్స కావలయును.

నోటిలో హానిచేయలేదని తేలిన వస్తువును లోకమంతయు ఏల మానుచున్నది? నోటినుండి వెలుపలికి వచ్చిన పాదరసమే ఇందుకు కారణము. దంతవైద్యశాలలో గీకిన పొడి మురుగునీటితో కలిసి చెరువు చేరినచో, అడుగుబురదలోని సూక్ష్మజీవులు పాదరసమును మిథైల్ పాదరసముగా మార్చును. అది చిన్నచేపనుండి పెద్దచేపకు, చేపనుండి మనుష్యునకు పోవుచు పోవుచు పేరుకొనును. జపానులోని మినమాతా ఊరిలో కర్మాగారపు మురుగునుండి వచ్చిన అట్టి విషమువలననే జనులకు కాళ్ళుచేతులు వంకరపోయి, తల్లిగర్భముననే బిడ్డలు చెడిరి. ఆ వ్యాధి 1956లో వెలుగులోనికి వచ్చెను. అచ్చటి కారకము కర్మాగారమే గాని దంతవైద్యము కాదు. అయినను ఆ ఊరిపేర 2013లో కుదిరిన ఒడంబడిక పాదరసము వాడు పనులన్నిటిని లెక్కకు తెచ్చినది. మన దేశము 2018లో దానిని ధ్రువపరచెను. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుండి, తప్పనిసరియైన సందర్భములలో దక్క, అమాల్గం వాడుకను నిలిపివేసినది. 2025 నవంబరులో జెనీవాలో సమావేశమైన ఒడంబడిక దేశములు 2034 నాటికి దీనిని పూర్తిగా మానవలెనని నిర్ణయించినవి. మురుగు చేరుచున్న చెరువు ఒడ్డున నివసించు జల్‌పల్లివారికి ఈ సంగతిని ఇంతకంటె విప్పి చెప్పవలసిన పని లేకపోయినది.

ఇప్పుడు తుక్కు వ్యాపారి ప్రశ్న. ఆయన జేబునుండి ఒక చిన్న డబ్బా తీసి చూపెను. అందు బూడిదరంగు గల పొడి, చిన్నచిన్న ముక్కలు గుప్పెడు కలవు. మూతబడిన ఏదో దంతవైద్యశాల సామానుతోపాటు వచ్చినదట. "దీంట్ల వెండి ఉన్నదంటిరి గద సారూ, కాపితే ఎంత ఎల్తది?" అని అడిగెను. మేము ఉలికిపడితిమి. అమాల్గంను కాచినపుడు మొదట వెలువడునది వెండి కాదు, పాదరసపు ఆవిరి. దానికి రంగు లేదు, వాసన లేదు. 1989లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, లింకన్ పార్కు అను ఊరిలో, ఇట్టి దంతపు అమాల్గంను ఇంటిలో కాచి వెండి తీయబోయిన ఇంట నలుగురు పెద్దలు ఆ ఆవిరిని పీల్చి మరణించిరి. పదేండ్లు నోటిలో ఉండి చేయని కీడును అదే లోహము ఒక పూట పొయ్యిపై చేసినది.

డబ్బామూత బిగించి, పిల్లలకు అందనిచోట, పొయ్యికి దూరముగా ఉంచి, దంత ఆసుపత్రివారి చేతికే ఇచ్చి, ప్రమాదకర వ్యర్థములను తీసికొనువారికి పంపుమని చెప్పవలెనని వివరించితిమి. చీపురుతో ఊడ్చుటగాని, మోరీలో కడుగుటగాని చేయరాదంటిమి. ఆయన డబ్బాను ఒకసారి చేతితో తూచి చూచుకొని, మూత బిగించెను. ఆ గర్భిణీ సోదరి కొడుకుతో అఫ్జల్‌గంజ్ పోవుదినమున ఆ డబ్బాను తానే వెంట తీసికొనివచ్చెదనని చెప్పెను.