మట్టిలో పొంచి ఉన్న జ్వరం – మెలియోయిడోసిస్

వర్షర్తువు ప్రవేశించగానే జలుబు, దగ్గు, అజీర్ణం, కాలివ్రేళ్ల సందులు పాసిపోవడం మొదలైన వాటికి వంటింటిలోనే మందు వెదకుకొనడం మన కుటుంబాలలో పరిపాటి. అటువంటి చిట్కాలను నేను కూడ ఎన్నో పర్యాయాలు వ్రాశాను. ఈ పాఠంలో చెప్పబోయే వ్యాధికి మాత్రం గృహచికిత్స లేదు. ఆ మాట ముందుగా చెప్పి విషయంలోకి వెళ్లడం మంచిది, ఎందుకంటే దానిని తెలుసుకొనడానికి నాకు మా బంధువు ఒకరి ప్రాణం మీదికి రావలసి వచ్చింది.

2022 జూలై 16వ తేదీన భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత మా ప్రాంతం అంతటి నీటిని చూడలేదు. అటు గోదావరి, ఇటు వెనుకకు తన్నిన కిన్నెరసాని, రెంటి నడుమ బూర్గంపాడు చిక్కుకొన్నది. నీరు తీసిన తరువాత ఇళ్లలో మోకాటి లోతు ఒండ్రు మిగిలింది. మా బావగారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పొలం పనులు ఎరుగనివారు. కూలివారు దొరకక, తామే పంచె ఎగగట్టి, చెప్పులు లేకుండా మూడు రోజులు పారతో ఆ బురద ఎత్తిపోశారు. రెండవ నాడు బురదలో ఉన్న రేకు ముక్క పిక్కకు గీరుకొన్నది.

ఆ సాయంకాలం నేను వెళ్లాను. “కాలికేమైంది బావగారూ?” అని అడిగితే, “ఏమీ లేదయ్యా, గీరుకుపోయింది, అంతే” అన్నారు. వేపాకు కషాయంతో కడిగించి, పసుపు, నువ్వుల నూనె కలిపి పట్టు వేయించాను. నాలుగు రోజులలో గాయం చక్కగా మాడింది. నా చికిత్స ఫలించిందని సంతోషించాను. ఆయనకు పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్నదని నాకు తెలుసు. వరదలో మాత్రలు కొట్టుకొనిపోగా, నేను ఎప్పుడో చెప్పిన నేరేడు గింజల చూర్ణంతోనే నెల్లాళ్లు గడుపుతున్నారన్న సంగతి మాత్రం తెలియదు. నేను అడుగలేదు.

గాయం మానిన వారానికి చలిజ్వరం పట్టుకొన్నది. మన ప్రాంతంలో చలిజ్వరం అంటే మొదట మలేరియా పరీక్ష, ఆపైన టైఫాయిడ్ పరీక్ష. రెండూ లేవన్నారు. మామూలు యాంటిబయాటిక్ మాత్రలకు జ్వరం రెండు రోజులు తగ్గి, తిరిగి వచ్చింది. దగ్గు మొదలైంది, మనిషి సగమయ్యారు. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడగా, కఫంలో క్షయ క్రిములు కనబడకపోయినా, క్షయ మందులు మొదలుపెట్టారు. ఆరు వారాలు వాడినా గుణం లేదు. చివరకు నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో స్కానింగు చేస్తే కాలేయంలోను, ప్లీహంలోను చిన్న చిన్న చీము గడ్డలు కనిపించాయి. రక్తాన్ని కల్చర్‌కు పంపితే పెరిగిన క్రిమిని చూచి, అది నమూనాలో పొరబాటున చేరినదని మొదట త్రోసిపుచ్చారట. అక్కడి ఒక యువ వైద్యురాలు అడిగిన ప్రశ్న మా అందరికీ కొత్తగా తోచింది: “ఈ మధ్య బురదలో పనిచేశారా?” కల్చర్ రెండవసారి చేయించారు. వచ్చిన పేరు బర్క్‌హోల్డేరియా సూడోమాలై. వ్యాధి పేరు మెలియోయిడోసిస్.

ఈ క్రిమి మనిషి నుండి మనిషికి అంటదనే చెప్పవచ్చు, అటువంటి ఉదంతాలు అత్యంత అరుదు. దాని నివాసం ఉష్ణదేశాల మట్టి, నిలువ నీరు. ఎండాకాలంలో పైమట్టి ఎండినప్పుడు అడుగు లోతు తడిలో ఉండి, వానలు పడి భూమి నానగానే పైకి వస్తుంది. కాలి పగుళ్లు, గీరుడు గాయాలు, ఒక్కొక్కప్పుడు కంటికి కనబడనంత చిన్న గంటు దానికి ద్వారాలు. గాలివానలో లేచే తుంపరల ద్వారా ఊపిరితిత్తులలోనికి, శుద్ధి చేయని నీటి ద్వారా కడుపులోనికి కూడ ప్రవేశించగలదు. సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలలో జ్వరం బయటపడుతుంది. కొందరిలో అణగి ఉండి ఏళ్ల తరువాత లేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆసియాలో బందీగా ఉన్న ఒక అమెరికన్ సైనికునికి 62 సంవత్సరాల తరువాత ఈ వ్యాధి బయటపడినట్లు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నది.

దీనిని మొదట గుర్తించినది 1911లో రంగూనులో. ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే ఆంగ్ల వైద్యుడు, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామి కలిసి శవపరీక్షలలో ఈ విచిత్రమైన చీము గడ్డలను చూచారు. లోకం దీనిని చాలాకాలం విట్‌మోర్ వ్యాధి అన్నది. కృష్ణస్వామి పేరు ఎవరూ తలపలేదు. మన దేశంలో మణిపాల్, వేలూరు వైద్య కళాశాలల వారు ఎందరో రోగులలో దీనిని గుర్తించి ప్రకటించారు. ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఈ వ్యాధి వస్తున్నదని, 89,000 మంది మరణిస్తున్నారని 2016లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అందులో దక్షిణాసియా వాటా నూటికి 44. మనకు ఇది కొత్త వ్యాధి కాదు, పోల్చుకొనలేకపోయిన వ్యాధి. 2025 సెప్టెంబరులో గుంటూరు సమీపాన తురకపాలెంలో వరుసగా మరణాలు సంభవించినప్పుడు వైద్య బృందాలు ఈ వ్యాధినే అనుమానించి రక్త నమూనాలు సేకరించాయి. తెలుగు పత్రికలలో ఈ పేరు ఇంటింటికీ చేరినది అప్పుడే. అక్కడి మరణాలన్నిటికీ ఇదొక్కటే కారణమని నేను అనడం లేదు.

మన శాస్త్రం ఏమంటున్నదని కొందరు అడుగవచ్చు. క్రిమి పేరు మన గ్రంథాలలో లేదు, ఉన్నదని చెప్పుకొనడం ఆత్మవంచన. అయితే సుశ్రుతుడు నిదానస్థానంలో విద్రధిని వర్ణిస్తూ, అది యకృత్తు, ప్లీహం, వృక్కాలు మొదలైన లోపలి స్థానాలలో కూడ పుడుతుందని చెప్పాడు. ప్రమేహ రోగులకు వచ్చే పిడకలను వేరుగా లెక్కించాడు. మధుమేహం ఉన్న శరీరంలో చీము ఎంత సులభంగా పుడుతుందో ఆ మహానుభావుడు చూచే వ్రాశాడు. నేటి వైద్యులు చెప్పేది కూడ ఇదే: మెలియోయిడోసిస్ రోగులలో సగానికి మించి మధుమేహులే. అధిక మద్యపానం, మూత్రపిండాల వ్యాధి, దీర్ఘకాలంగా స్టిరాయిడ్లు వాడడం తరువాతి కారణాలు. పాదరక్షలు ధరించడాన్ని చరకుడు దినచర్యలోనే చేర్చాడు. మనం వాటిని గుమ్మం బయట విడిచి, ఇంటిలోని బురదలో దిగుతాము.

ఇక చికిత్స. పెనిసిలిన్, జెంటామైసిన్ వంటి మందులకు ఈ క్రిమి సహజంగానే లొంగదు. సెఫ్టాజిడిమ్ గాని మెరోపెనెమ్ గాని సిరల ద్వారా కనీసం పది నుండి పద్నాలుగు రోజులు, లోపల గడ్డలుంటే ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. ఆ తరువాత కోట్రైమాక్సజోల్ మాత్రలు మూడు నెలలకు తక్కువ కాకుండా వాడాలి. ఈ రెండవ భాగంలోనే చాలామంది పొరబడతారు. మా బావగారు కూడ నాలుగు వారాల ఇంజెక్షన్ల తరువాత ఆకలి పుట్టి, రెండవ నెలలో “ఇక చాలు, నీ కషాయం ఏదైనా ఇవ్వు” అన్నారు. ఇవ్వలేదు. మధ్యలో మానినవారికి వ్యాధి తిరగబెట్టడం తరచుగా చూస్తున్నదే. నేను ఆయనకు చేసినదల్లా పెసరకట్టు, పేలాల జావ, కాచి చల్లార్చిన నీరు, అవి కూడ అక్కడి వైద్యులకు చెప్పిన తరువాతనే. చక్కెర వ్యాధికి మాత్రలు తిరిగి మొదలయ్యాయి. నేరేడు చూర్ణం డబ్బా నేనే తీసివేశాను. సకాలంలో పోల్చి పూర్తి చికిత్స అందించే ఉత్తర ఆస్ట్రేలియాలో మరణాలు నూటికి పదికి మించడం లేదు. థాయిలాండ్‌లో అవి సుమారు నలభై వరకు ఉన్నాయి.

పాఠకులలో మట్టిచికిత్స అభిమానులు ఎందరో ఉన్నారు కనుక ఒక మాట. చెక్కు చెదరని చర్మంపై, ఎండలో బాగా ఎండించిన శుభ్రమైన మట్టి పట్టీ వేరు. గాయంపై, పుండుపై, పగిలిన మడమపై మట్టి పెట్టడం వేరు. తెగిన చోట పొలం మన్నో, పేడో అద్దే అలవాటు మా వైపు ఇంకా పోలేదు. లోతుగా త్రవ్విన మట్టి పవిత్రమైనదన్న నమ్మకం కూడ ఇక్కడ పనికిరాదు, ఈ క్రిమి ఉండేదే అక్కడ. మధుమేహులు మట్టి పట్టీల జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. సహజమైనదంతా నిర్దోషమనుకొనరాదనడానికి మరొక ఉదాహరణ 2021లో అమెరికాలో కనబడింది. మన దేశంలో తయారైన ఒక పరిమళ ద్రవ్యపు సీసాలో ఈ క్రిమి చేరి నాలుగు రాష్ట్రాలలో నలుగురికి వ్యాధి కలిగించింది. ఇద్దరు మరణించారు, వారిలో ఒక బిడ్డ ఉన్నది.

బురదలో దిగక తప్పనివారు గంబూట్లు, రబ్బరు చేతి తొడుగులు వాడాలి. కాలికి గాయమున్నవారు, ముఖ్యంగా మధుమేహులు, ఆ పని మరొకరికి అప్పగించాలి. పని ముగియగానే సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, వ్రేళ్ల సందులు ఆరనివ్వాలి. వరద తరువాత బావినీరు క్లోరిన్ కలిపిన పిదప కూడ కాచియే త్రాగాలి. పసుపు పట్టు చిన్న గాయానికి మంచిదే, కాని గాయం పైన మానినంత మాత్రాన లోపల అంతా కుదిరిందనుకొనరాదు. ఆ మూడు వారాలలో జ్వరం వస్తే నాలుగు రోజులు కషాయాలతో గడపకుండా వైద్యుని వద్దకు వెళ్లి, బురదలో పనిచేసిన సంగతి, చక్కెర వ్యాధి ఉన్న సంగతి అడుగకపోయినా చెప్పాలి. రక్తం కల్చర్‌కు పంపుతారా అని అడగాలి. కఫంలో క్షయ క్రిములు లేకుండా క్షయ మందులు వాడుతూ గుణం కనబడనివారు మరీ ముఖ్యంగా అడగాలి.

మా బావగారు కోలుకొన్నారు. భద్రాచలం వద్ద నీరు 43 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిందని వినగానే ఆయన ఇప్పుడు చేసే మొదటి పని, నెలకు సరిపడ మాత్రలు ప్లాస్టిక్ డబ్బాలో వేసి అటక మీద పెట్టడం. రెండవది అక్కడి గంబూట్లు క్రిందికి దించడం.